రాతి పువ్వు పువ్వు కాదు, లవంగం పువ్వే

మీ ప్రశ్న సారాంశం ఇది. ఇంటర్మీడియట్‌లో వృక్షశాస్త్రం చదువుతున్న మీ అమ్మాయి ఒక లైకెన్ జాతిని ఒక పుష్పించే మొక్క జాతితో పోల్చి రాసుకుపోవాలి. అందుకోసం ఇంట్లో మసాలా దినుసుల డబ్బాలో ఉన్న రాతి పువ్వునూ లవంగాన్నీ ఎంచుకుంది. రెండూ ఎండబెట్టిన పువ్వుల్లాగే కనిపిస్తున్నాయి కాబట్టి వాటి మధ్య తేడా ఏమిటో, వేరు, కాండం, ఆకు, పువ్వు అంటూ పట్టిక గీసి రెండు వైపులా నింపితే సరిపోతుందో లేదో చెప్పమన్నారు. డిగ్రీ విద్యార్థులకు ముప్పై ఏళ్లకు పైగా వృక్షశాస్త్రం చెప్పినవాణ్ణి కాబట్టి ఇలాంటి పట్టికలు వందల కొద్దీ దిద్దాను. లైకెన్ వైపు 'వేరు లేదు, కాండం లేదు, ఆకు లేదు, పువ్వు లేదు' అని వరసగా నింపేసి, అన్నీ ఉన్న మొక్క పక్కన ఏమీ లేని నిరుపేద మొక్కలాగా దాన్ని నిలబెట్టడమే వాటిలో ఎక్కువగా కనిపించేది. మీ అమ్మాయి చేత ఆ పొరపాటు చేయించకండి. ఎంపిక మాత్రం చాలా బాగుంది. నమూనాల కోసం అరకుకో హార్స్‌లీ కొండలకో వెళ్లనక్కరలేకుండా కిరాణా కొట్టులోనే రెండూ దొరుకుతాయి.

ముందు తేలికైన సంగతి చెబుతాను. లవంగం నిజంగానే పువ్వు, అంటే విచ్చుకోకముందే కోసి ఎండబెట్టిన మొగ్గ. దాని శాస్త్రీయ నామం సిజిజియం అరోమాటికం. మన నేరేడు చెట్టు సిజిజియం క్యుమిని కాబట్టి లవంగానికీ నేరేడుకూ ఉన్నది ఒకే ప్రజాతి, ఒక ఇంటి పేరు. జామ, యూకలిప్టస్ అదే మిర్టేసి కుటుంబంలో కొంచెం దూరపు చుట్టాలు. నేరేడు పూతకు వచ్చినప్పుడు కొమ్మ వంచి విచ్చుకోని మొగ్గను దగ్గరగా చూస్తే, కింద గరాటులాంటి భాగమూ పైన టోపీలా ముడుచుకున్న ఆకర్షణ పత్రాలూ కలిసి చిన్న లవంగాన్ని గుర్తుకు తెస్తాయి.

రాతి పువ్వు సంగతి అలా కాదు. దానికి పుస్తకాల్లో రాసే పేరు పార్మోట్రీమా పెర్లేటం. హైదరాబాదులో పత్తర్ కా ఫూల్, మహారాష్ట్రలో దగడ్ ఫూల్, కర్ణాటకలో కల్లు హూవు, సంస్కృతంలో శిలాపుష్పం, శైలేయం అని పిలుస్తారు. ఇవన్నీ రాయినే పట్టుకున్న పేర్లు. ఎక్కువ పేర్లు దాన్ని పువ్వనే అన్నాయి. తమిళులు మాత్రం కల్పాసి, అంటే రాతి పాచి అన్నారు. శాస్త్రం దృష్టిలో అదీ సరి కాకపోయినా, పువ్వు అనకపోవడం వరకూ వాళ్ల పేరే మెరుగని నా అభిప్రాయం. నిజానికి బజారుకు వచ్చే సరుకులో చాలా భాగం రాళ్ల మీది నుంచి గీకినది కాదు, హిమాలయ ప్రాంతపు అడవుల్లో చెట్ల బెరడు మీద పెరిగినది. ఉత్తరాఖండ్‌లోని కుమావూఁ కొండల్లో ఇలాంటి లైకెన్లను ఝూలా ఘాస్ అంటారు. అది గడ్డీ కాదు. ఇన్ని భాషల వాళ్లు చూసి, వాడి, పేరు పెట్టి కూడా పువ్వనో గడ్డి అనో పాచి అనో పొరబడ్డారంటే ఆ వస్తువు మన కంటికి ఎంత అలవాటు లేనిదో ఊహించండి.

పండితులూ అంతే పొరబడ్డారన్నది గమనించవలసిన విషయం. మొక్కలకు రెండు మాటల శాస్త్రీయ నామాలు స్థిరపరచిన స్వీడన్ శాస్త్రజ్ఞుడు లినేయస్ 1753లో ప్రచురించిన గ్రంథంలో లవంగం చెట్టుకు కారియోఫిల్లస్ అరోమాటికస్ అని పేరు పెట్టాడు. అదే గ్రంథంలో లైకెన్లన్నిటినీ 'లైకెన్' అనే ఒకే ప్రజాతిలో పడేసి శైవలాలతో, అంటే నాచు లాంటి ఆల్గేతో, కలిపాడు. 1762లో ఇంగ్లండుకు చెందిన విలియం హడ్సన్ మన రాతి పువ్వును లైకెన్ పెర్లేటస్ అని వర్ణించాడు. వాళ్ల దృష్టిలో రెండూ మొక్కలే. ఒకటి గొప్పది, ఒకటి అల్పమైనది, అంతే తేడా. ఆ నమ్మకాన్ని 1867లో సైమన్ ష్వెండెనర్ అనే స్విట్జర్లాండ్ శాస్త్రజ్ఞుడు తలకిందులు చేశాడు. లైకెన్ ఒక జీవి కాదనీ, శిలీంధ్రమూ (బూజు, పుట్టగొడుగుల వర్గపు జీవి) శైవలమూ కలిసి కట్టుకున్న శరీరమనీ అతడు చెప్పినప్పుడు ఆనాటి లైకెన్ పండితుల్లో చాలామంది ఒప్పుకోకపోవడమే కాదు, కొందరు ఎగతాళి కూడా చేశారు. సూక్ష్మదర్శిని కింద ప్రతి పొరనూ చూసి, రెండు భాగస్వాములనూ విడివిడిగా పెంచి, మళ్లీ కలిపి చూసిన తరువాతే ఆ వాదన నిలబడింది.

మీ అమ్మాయి వ్యాసంలో మొదటి వాక్యం ఇక్కడి నుంచి మొదలవ్వాలి. లవంగం అన్నది ఒక వంశం పేరు, రాతి పువ్వు అన్నది ఒక కాపురం పేరు. లవంగం చెట్టులోని వేరు నుంచి మొగ్గ దాకా ఉన్న కణాలన్నీ ఒకే విత్తనంలోని పిండం నుంచి పుట్టినవి. రాతి పువ్వులోని కణాలు కనీసం రెండు వేర్వేరు పుట్టుకలవి. తెల్లటి దారపు పోగుల్లా అల్లుకుని శరీరంలో అత్యధిక భాగాన్ని కట్టినది ఆస్కోమైసీట్ వర్గపు శిలీంధ్రం. ఆ అల్లిక మధ్య పలుచని పొరగా కూర్చున్నది ట్రెబాక్సియా అనే ఆకుపచ్చ ఏకకణ శైవలం. నామకరణ నియమావళి ప్రకారం లైకెన్‌కు పెట్టిన పేరు అందులోని శిలీంధ్రానికే చెందుతుంది. శైవలానికి దాని సొంత పేరు విడిగా ఉంటుంది. కాబట్టి 'ఒక లైకెన్ జాతిని ఒక పుష్పించే మొక్క జాతితో పోల్చండి' అన్న ప్రశ్నను అక్షరాలా పట్టుకుంటే మనం పోలుస్తున్నది ఒక శిలీంధ్రాన్నీ ఒక మొక్కనూ. మధ్యలో పేరు చెప్పకుండా కూర్చున్న మూడో పాత్ర శైవలం.

శిలీంధ్రాలు వంశవృక్షంలో మొక్కల పక్కన కాక జంతువుల పక్కన నిలుస్తాయి. వాటి కణకవచంలో ఉండేది మొక్కల్లోలాగా సెల్యులోజ్ కాదు, రొయ్యల పెంకులో ఉండే కైటిన్. అవి నిల్వ చేసుకునేది పిండిపదార్థం కాదు, మన కాలేయంలో ఉండే గ్లైకోజెన్. ఆకుపచ్చ శైవలాలు మాత్రం మొక్కల వైపు చుట్టాలు. అంటే రాతి పువ్వు కాపురంలో ఒకరు మన వైపు బంధువు, మరొకరు లవంగం వైపు బంధువు. ఇంత చక్కని విషయాన్ని 'వేరు లేదు, కాండం లేదు' అన్న మాటల కింద పూడ్చిపెట్టడం నాకు బాధగా ఉంటుంది. 2016లో టోబీ స్ప్రిబిల్ అనే లైకెన్ శాస్త్రజ్ఞుడు, అతని సహచరులు కొన్ని లైకెన్ల పై పొరలో మరో వర్గానికి చెందిన ఈస్ట్ లాంటి శిలీంధ్రాన్ని కూడా చూపించారు కాబట్టి 'ఇద్దరే' అని గట్టిగా రాయకుండా 'కనీసం ఇద్దరు' అని రాయించండి.

అలాగని సహజీవనం లైకెన్‌కే చెందిన విడ్డూరమని, లవంగం చెట్టు ఒంటరిగా బతుకుతుందని రాస్తే అదీ తప్పే. లవంగం చెట్టు వేళ్లలోనూ శిలీంధ్రాలు కాపురముంటాయి. నేలలోని భాస్వరాన్ని అవి చెట్టుకు అందిస్తాయి, చెట్టు వాటికి చక్కెరలు ఇస్తుంది. ఇంకా లోతుకు వెళితే ఆకులోని హరితరేణువే ఒకనాడు స్వతంత్రంగా బతికిన సయనోబాక్టీరియా, అంటే కిరణజన్య సంయోగక్రియ చేసే బాక్టీరియా, సంతతి. కాబట్టి తేడా సహజీవనం ఉండటం, లేకపోవడంలో లేదు, ఇల్లు ఎవరిది అన్నదానిలో ఉంది. లవంగంలో ఇల్లు మొక్కది, శిలీంధ్రం వేళ్లలో చేరిన అతిథి; రాతి పువ్వులో ఇల్లు శిలీంధ్రానిది, ఆకుపచ్చ కణాలు అందులో చేరినవి.

ఇప్పుడు చేత్తో చూడవలసిన పని. రాతి పువ్వు ముక్క ఒకటి, మంచి లవంగాలు రెండు తీసుకుని విడివిడిగా నీళ్లలో వేయండి. లవంగాన్ని వేడి నీళ్లలో గంటసేపు నానబెడితే కోయడానికి వీలుగా ఉంటుంది. రాతి పువ్వుకు గంట అక్కరలేదు. నిమిషాల్లోనే పెళుసుదనం పోయి తోలులా మెత్తబడుతుంది, బూడిద రంగు పై భాగంలోకి లేత ఆకుపచ్చ ఛాయ వస్తుంది. తడిసిన పై పొర కాస్త పారదర్శకంగా మారి కింద ఉన్న శైవలాల రంగు బయటికి కనిపించడం వల్ల అలా జరుగుతుంది. ముక్కను తిరగేస్తే అడుగు నల్లగా ఉంటుంది. మధ్య భాగంలో వేళ్లలాగా కనిపించే చిన్న నల్లని పోగులు ఉంటాయి, అంచు వైపు గోధుమ రంగులో నున్నగా ఉంటుంది. ఆ పోగులను రైజీన్లు అంటారు. అవి పట్టుకోవడానికే గాని పీల్చుకోవడానికి కాదు. వాటిని 'వేర్లు' అని రాయడం విద్యార్థులు చేసే రెండో పెద్ద తప్పు. పదునైన బ్లేడుతో అడ్డంగా సన్నని పొర కోసి కళాశాల సూక్ష్మదర్శిని కింద పెడితే పైన గట్టి వల్కలం, దాని కింద ఆకుపచ్చ గోళాల వరస, ఆ కింద వదులుగా అల్లుకున్న తెల్లని దవ్వ, అడుగున నల్లని వల్కలం కనిపిస్తాయి. మొత్తం మందం అర మిల్లీమీటరు కూడా ఉండదు.

లవంగంలో కాడలా కనిపించేది కాడ కాదని చాలామందికి తెలియదు. అది పుష్పాసనం, దాని పై భాగంలో రెండు గదుల అండాశయం, అందులో అండాలు దాగి ఉంటాయి. దాని మీద నాలుగు మూలలుగా నిలబడినవి రక్షక పత్రాలు. వాటి మధ్య ముత్యంలా ఉన్న గుండు, ఒకదాని మీద ఒకటి కప్పుకున్న నాలుగు ఆకర్షణ పత్రాలు. నానిన మొగ్గను నిలువుగా చీల్చి ఆ గుండును సూదితో విప్పితే లోపలికి వంగి ముడుచుకున్న కేసరాలు అసంఖ్యాకంగా, మధ్యలో ఒక పొట్టి కీలం కనిపిస్తాయి. విచ్చుకునే రోజు రాకముందే కోసేశారు కాబట్టి ఆ కేసరాలు ఎన్నడూ గాలి చూడలేదు. ఇంత పని విభజన ఉన్న అవయవం రాతి పువ్వులో వెతికినా దొరకదు. పొరలు ఉన్నాయి, కాని కణాలు ఆహారనాళాలుగా, నీటినాళాలుగా ప్రత్యేకత పొందిన కణజాలాలు లేవు.

ఆ నాళాలు లేకపోవడాన్ని లోపంగా కాక బతుకు తీరుగా చూపించగలిగితే మీ అమ్మాయి వ్యాసానికి బలం వస్తుంది. లవంగం చెట్టు బతుకంతా నీటిని అదుపులో పెట్టుకోవడం మీద నడుస్తుంది. వేళ్లు నేలలోంచి నీరు పీలుస్తాయి, నీటినాళాలుండే దారువు దాన్ని పది పన్నెండు మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది, ఆకు మీది మైనపు అవభాసిని నీరు పోకుండా కాపాడుతుంది, పత్రరంధ్రాలు తలుపుల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. ఆ అదుపు తప్పి కణాలు ఎండిపోతే ఇక తిరిగి రావు. మీ డబ్బాలోని లవంగాన్ని ఎన్ని రోజులు నానబెట్టినా అది మెత్తబడుతుందే గాని బతకదు. లవంగం విత్తనం కూడా ఎండుదలను తట్టుకోదు. చెట్టు నుంచి పండు రాలిన కొద్ది రోజుల్లోనే నాటకపోతే మొలకెత్తే శక్తి పోతుంది.

రాతి పువ్వుకు నీటి మీద అదుపే లేదు. వాన పడితే ఒళ్లంతా స్పాంజిలా పీల్చుకుంటుంది, ఎండ కాస్తే బరువులో పది పదిహేను శాతానికి మించి నీరు మిగలనంతగా ఎండుతుంది. మామూలు మొక్క కణానికి అది మరణం, దీనికి నిద్ర. మళ్లీ తడి తగిలితే కొద్ది నిమిషాల్లోనే శ్వాసక్రియ, ఆ వెంటనే కిరణజన్య సంయోగక్రియ మొదలవుతాయి. ట్రెబాక్సియా లాంటి ఆకుపచ్చ శైవలం ఉన్న లైకెన్లకు నీటి చుక్క కూడా అక్కరలేదు, రాత్రి గాలిలోని తేమ చాలు. సయనోబాక్టీరియా ఉన్న లైకెన్లకు మాత్రం అసలు నీరే కావాలి. 2005లో ఐరోపా అంతరిక్ష సంస్థ వాళ్లు రెండు లైకెన్ జాతులను ఫోటాన్-ఎం2 ఉపగ్రహం బయటి భాగంలో ఉంచి సుమారు రెండు వారాలు అంతరిక్షపు శూన్యానికీ కిరణాలకూ వదిలేస్తే, తిరిగి వచ్చాక అవి కోలుకున్నాయి. అవి రాతి పువ్వు జాతి కాదు, కాని ఎండి నిద్రపోయే విద్య అదే.

ఈ విద్యకు చెల్లించే మూల్యమూ ఉంది. తడిగా, వెలుతురుగా ఉన్న కొద్ది గంటలే సంపాదన వేళ. తెల్లవారాక మంచు ఆరిపోయేదాకా, వానాకాలపు మబ్బు పగళ్లలో కాసేపు. మిగతా కాలమంతా నిద్రే. అందుకే ఇలాంటి ఆకు ఆకారపు లైకెన్ అంచు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు మాత్రమే జరుగుతుంది. మీ చేతిలోని అరచేయంత ముక్క పెరగడానికి పట్టిన కాలం మీ అమ్మాయి వయసంత ఉండవచ్చు. లవంగం చెట్టు ఆరేడేళ్లకు పూతకొచ్చి దశాబ్దాల పాటు కాస్తుంది. దాన్ని నిదానమైన పంట అని రైతులు అంటారు గాని రాతి పువ్వు ముందు అది పరుగే.

ఆహారం విషయం క్లుప్తంగా చెబుతాను, పాఠ్యపుస్తకంలో ఇది ఉంది. లవంగం ఆకు చక్కెరను సుక్రోజ్ రూపంలో పోషక కణజాలం ద్వారా కొమ్మలకూ వేళ్లకూ పంపుతుంది. ట్రెబాక్సియా తాను తయారు చేసిన చక్కెరను రైబిటాల్ అనే రూపంలో పక్కనున్న శిలీంధ్ర తంతువుకు వదులుతుంది, శిలీంధ్రం దాన్ని వెంటనే మానిటాల్‌గా మార్చుకుంటుంది. మానిటాల్‌ను శైవలం తిరిగి వాడుకోలేదు కాబట్టి ఇచ్చిపుచ్చుకోవడంలో ఈ భాగం ఒకవైపే నడుస్తుంది. శైవలానికి ప్రతిఫలంగా నీడ, తేమ, కొంత రక్షణ దొరుకుతాయంటారు. అది సమభాగస్వామ్యమా, శిలీంధ్రం చేస్తున్న పశుపోషణ లాంటిదా అన్న వాదన ష్వెండెనర్ కాలం నుంచీ ఉంది. నాకు రెండో పోలికే సరిగా తోస్తుంది, కాని ఇంటర్మీడియట్ వ్యాసంలో 'సహజీవనం' అని రాస్తే ఎవరూ మార్కులు తగ్గించరు.

ఒక పక్క మాట చెప్పాలి, ఎందుకంటే మామిడి తోటలున్నవాళ్లు నన్ను తరచుగా అడుగుతారు. చెట్టు బెరడు మీద బూడిద రంగు లైకెన్ మచ్చలు చూసి తెగులు అనుకుని మందు కొట్టేవాళ్లు ఉన్నారు. లైకెన్ బెరడును కూర్చునే పీటగా వాడుకుంటుంది, దానిలోంచి రసం లాగదు. నిజంగా రసం లాగేది అదే మామిడి కొమ్మ మీద పచ్చగా, అందమైన గొట్టపు పూలతో కనిపించే బదనిక, అంటే డెండ్రాఫ్తి ఫాల్కేటా. అది సాక్షాత్తూ పుష్పించే మొక్క. పువ్వు ఉన్నదల్లా ఉన్నతమైనదనీ స్వయంపోషితమనీ అనుకునేవాళ్లకు ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

అవభాసినీ పత్రరంధ్రాలూ లేకుండా గాలిలోనివన్నీ ఒంటితో పీల్చుకోవడం వల్ల లైకెన్లకు గాలిలోని విషాలు, ముఖ్యంగా గంధక డైఆక్సైడ్, త్వరగా తగులుతాయి. ప్యారిస్ లక్సెంబర్గ్ తోటలోని లైకెన్లను పరిశీలించి విలియం నైలాండర్ అనే లైకెన్ పండితుడు 1866లోనే అవి గాలి శుభ్రతకు కొలబద్దలని రాశాడు. విచిత్రమేమంటే ష్వెండెనర్ వాదనను చివరిదాకా ఒప్పుకోనివారిలో ఈ నైలాండర్ ముఖ్యుడు. లైకెన్ గాలికి ఎందుకు లొంగిపోతుందో చూశాడు గాని అది ఏమిటో అంగీకరించలేదు. లవంగం చెట్టుకూ కలుషిత గాలి మంచిది కాదు, కాని దానికి పాత ఆకులు రాల్చి కొత్తవి వేసుకునే అవకాశం ఉంది. రాతి పువ్వుకు రాల్చుకోవడానికి ఏమీ లేదు.

సంతానం దగ్గర పోలిక మరింత ఆసక్తికరం. లవంగం మొగ్గను కోయకుండా వదిలేస్తే ఎర్రబారి, ఆకర్షణ పత్రాల టోపీ రాలిపోయి, కేసరాలు విప్పారి, పరాగ సంపర్కం జరిగి, ముదురు ఎరుపు ఊదా రంగు పండు అవుతుంది, అందులో సాధారణంగా ఒక్కటే విత్తనం. లోపల జరిగేది ద్విఫలదీకరణ. ఒక పురుషబీజం అండంతో కలిసి పిండాన్ని, రెండోది మధ్యనున్న కేంద్రకాలతో కలిసి పిండానికి ఆహారమయ్యే అంకురచ్ఛదాన్ని మొదలుపెట్టే ఈ ప్రక్రియను 1898లో నవాషిన్ కనుగొన్నాడు. పుష్పించే మొక్కలన్నిటికీ ఇది ముద్ర లాంటిది. రాతి పువ్వులో లైంగిక ప్రత్యుత్పత్తి చేసేది శిలీంధ్రం ఒక్కటే. గిన్నె ఆకారపు ఫలనాంగాల్లో అది సిద్ధబీజాలు (స్పోర్లు) తయారు చేయగలదు, కాని ఈ జాతిలో అవి అరుదు. ఒకవేళ తయారైనా ఆ సిద్ధబీజం లైకెన్ కాదు, సగం కాపురమే. మొలిచిన చోట తగిన శైవలం దొరక్కపోతే కథ అక్కడే ఆగిపోతుంది. ఆ జూదం ఆడకుండా ఉండటానికే కాబోలు, రాతి పువ్వు ముడుచుకున్న అంచుల వెంట పిండి చల్లినట్టు తెల్లని పొడిని తయారు చేస్తుంది. ఆ పొడిలో ఒక్కొక్క రేణువు, అంటే సోరీడియం, శిలీంధ్ర తంతువులతో చుట్టిన కొన్ని శైవల కణాల మూట. గాలికో వానచినుకుకో ఎగిరి పడిన చోట భార్యాభర్తలిద్దరూ సామానుతో సహా దిగినట్టే. మీ దగ్గరున్న ముక్కల్లో అంచు పొడిపొడిగా ఉన్నదాన్ని వెతికి భూతద్దంతో చూపించండి. దాన్ని విత్తనంతో పోల్చకూడదు. అరటి పిలకతో పోలిస్తే కాస్త నయం, ఎందుకంటే అందులో కొత్త జన్యు కలయిక ఏదీ లేదు.

ఇక వాసన. నిజానికి వంటింట్లో ఈ రెండూ కలిసింది దాని కోసమే. లవంగపు మొగ్గ చర్మం కింద నూనె తిత్తులు ఉంటాయి. గోటితో నొక్కి గీరితే తడి మెరుస్తుంది, వాసన చప్పున తగులుతుంది. ఎండు మొగ్గ బరువులో సుమారు 15 నుంచి 20 శాతం దాకా నూనె ఉంటుంది, ఆ నూనెలో అధిక భాగం యూజెనాల్. అది తేలికగా ఆవిరయ్యే చిన్న అణువు కాబట్టి డబ్బా మూత తీయగానే పలకరిస్తుంది. రాతి పువ్వును పచ్చిగా వాసన చూస్తే మట్టి, కట్టెల ఛాయ తప్ప పెద్దగా ఏమీ ఉండదు. వేడి నూనెలోనో నేతిలోనో పడ్డాకే దాని గుణం బయటపడుతుంది. అందులోని అట్రనోరిన్, స్టిక్టిక్ ఆమ్లం వంటి పదార్థాలు పెద్ద అణువులు, తేలికగా ఆవిరి కావు. అవి తిత్తుల్లో ద్రవంగా కాక శిలీంధ్ర తంతువుల బయటి గోడల మీద స్ఫటికాలుగా పేరుకుంటాయి. అట్రనోరిన్ అణువు చీలినప్పుడు వచ్చే ఒక చిన్న అణువే ఐరోపా అత్తరు పరిశ్రమ ఓక్ మాస్ అనే లైకెన్ నుంచి తీసే అడవి వాసనకు మూలం. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో తయారయ్యే షమామా అత్తరులోనూ ఛరీలా పేరుతో లైకెన్లు పడతాయి. ఈ లైకెన్ ఆమ్లాలను తయారు చేసేది శిలీంధ్రమే. శైవలం ఇచ్చిన చక్కెర దానికి ముడిసరుకు. ఒక్క మాటలో రాయాలంటే, లవంగం వాసనను తిత్తుల్లో దాచింది, రాతి పువ్వు గోడలకు పూసుకుంది.

వ్యాసంలో సాగు గురించి కూడా నాలుగు వాక్యాలు ఉండటం మంచిది. లవంగం సొంత ఊరు ఇండోనేసియాలోని ఉత్తర మలుకు ప్రాంతం. టెర్నేట్, టిడోర్, మకియన్ వంటి చిన్న అగ్నిపర్వత దీవులు. పదిహేడో శతాబ్దంలో డచ్ ఈస్టిండియా కంపెనీ ధర నిలబెట్టుకోవడానికి ఆంబాన్ పరిసరాల్లో తప్ప మిగతా దీవుల్లో లవంగం చెట్లు నరికించింది. 1770లో మారిషస్‌లోని ఫ్రెంచి అధికారి పియర్ పువావ్ర్ పంపిన మనుషులు మొక్కలను మారిషస్‌కు దాటించాక ఆ గుత్తాధిపత్యం సడలింది. తరువాత అవి జాంజిబార్, పెంబా దీవులకు చేరాయి. మన దేశంలో 1800 ప్రాంతంలో ఈస్టిండియా కంపెనీ కుర్తాళం తోటల్లో నాటించింది. ఇప్పుడు కన్యాకుమారి, నీలగిరి కొండల్లోనూ కేరళలోనూ పండుతుంది. ఇంత చరిత్రకు కారణం ఒక్కటే. లవంగాన్ని విత్తవచ్చు, మోసుకుపోవచ్చు, నరికి గుత్తకు పెట్టుకోవచ్చు. రాతి పువ్వును ఎవరూ పండించరు. ప్రయోగశాలలో శిలీంధ్రాన్నీ శైవలాన్నీ విడిగా పెంచడం వీలే గాని తోటలో దాన్ని పంటగా తీసే పద్ధతి లేదు. బజారులోని ప్రతి ముక్కా అడవి నుంచి గీకి తెచ్చినదే. పెరిగే వేగం పైన చెప్పాను కాబట్టి, బిర్యానీకి గుప్పెడు వేయడం నాకు నచ్చని పని అని మాత్రం చెప్పుకుంటాను. రుచికైనా ఒక చిన్న రెక్క చాలు. ఎక్కువైతే చేదు దిగుతుంది.

చివరగా, మీ దగ్గరున్నది నిజంగా పార్మోట్రీమా పెర్లేటమేనా అన్నది చూసుకోవాలి. రాతి పువ్వు పేరుతో వచ్చే పొట్లంలో నాలుగైదు జాతులు కలిసి ఉండటం మామూలే. పార్మోట్రీమా టింక్టోరం, పార్మోట్రీమా రెటిక్యులేటం, సన్నని పట్టీల్లా చీలి ఉండే ఎవర్నియాస్ట్రం జాతులు అందులో కనిపిస్తాయి. లవంగానికి ఈ బాధ లేదు. నూనె తీసేసిన పాత లవంగాలు కలిపారేమో అన్నదే అనుమానం, నీళ్లలో వేస్తే మంచిది మునుగుతుంది లేదా తల పైకి పెట్టి నిలువుగా నిలుస్తుంది, సారం పోయినది అడ్డంగా తేలుతుంది. రాతి పువ్వుకు పరీక్ష ఇది. వెడల్పైన రెక్కలున్న ముక్కను ఎంచుకుని, అంచున తెల్లని పొడి ఉందో, కంటిరెప్పల వెంట్రుకల్లాంటి నల్లని పోగులు ఉన్నాయో చూడండి; రెండూ ఉంటే పెర్లేటం కావడానికి అవకాశం ఎక్కువ. తరువాత పై పొరను బ్లేడుతో గీరి, లోపలి తెల్లని దవ్వ కనిపించాక ఇంట్లో వాడే బ్లీచింగ్ ద్రావణాన్ని అగ్గిపుల్ల కొనతో ఒక చుక్క పెట్టండి. రంగు మారకపోతే ముందుకు సాగవచ్చు. వెంటనే ఎర్రబడితే అందులో లెకనోరిక్ ఆమ్లం ఉన్నట్టు. అప్పుడు ఆ ముక్క పెర్లేటం కాదు, చాలావరకు టింక్టోరం అయి ఉంటుంది. పరీక్ష చేసిన ముక్కను వంటలో కలవకుండా పారేసి, వ్యాసంలో జాతి పేరు మార్చి రాయమనండి.